కొండ ముందు, సభ తర్వాత

వేసవి సెలవుల్లో నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం మీదికి పరుగు పందెం నడిపే కమిటీ వారికి, దానికి ముఖ్య అతిథులుగా వచ్చే పెద్దలకు,

నమస్కారం.

ఈ ఏడాది పోస్టర్ మొన్న రాత్రి మా రన్నింగ్ గ్రూపులో చూశాను. పెద్దల ఫొటోలు తొమ్మిది ఉన్నాయి. వాటి సందుల్లోంచి దుర్గం కూడా కొంచెం కనబడుతోంది. పైన ఎర్ర అక్షరాల్లో ‘ఉదయం 5 గంటలకు’ అని వేశారు. అడుగున, ఫోన్ మీద రెండు వేళ్లు పెట్టి సాగదీస్తే తప్ప కనబడని అక్షరాల్లో, ‘సభానంతరం ముఖ్య అతిథులు జెండా ఊపి పరుగు ప్రారంభిస్తారు’ అని ఉంది. నేనీ ఉత్తరం రాస్తున్నది ఆ అడుగు లైను గురించి.

నేను ఆత్మకూరు వైపు ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. 43 ఏళ్లు. షుగర్ బోర్డర్‌లో ఉందని తేలిన ఏడాది కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టాను. నడక మెల్లిగా పరుగైంది. ‘ఏమ్మా, కుక్క వెంటపడిందా’ అని అడిగేవాళ్లు అడగడం మానేసి కూడా మూడేళ్లయింది. వేగం మాత్రం రాలేదు. ఏ పరుగుకి పోయినా ఆఖరి ముప్పై మందిలో ఉంటాను. పోయిన మే నెలలో మీరు పెట్టిన 16 కిలోమీటర్ల పరుగులోనూ అంతే. ముందు తొమ్మిది కిలోమీటర్లు తారు రోడ్డు, తర్వాత ఏడు కిలోమీటర్లు కొండ బాట. ముందు పరిగెత్తిన ముప్పై మందికి ఆ రోజు అంతా బాగానే జరిగింది. మీకు అందిన మెచ్చుకోళ్లన్నీ వాళ్లవే అయ్యుంటాయి. ఆఖరి ముప్పై మంది సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు. చెప్పి ఉంటే మళ్లీ అదే పద్ధతి పెట్టరు.

పరుగు ఆపేయమని నేను అడగడం లేదు. సంక్రాంతికి మార్చమని కూడా అడగను. చలికాలంలో పెట్టుకోవచ్చు కదా అని టౌన్ల వాళ్లు తేలిగ్గా అంటారు గానీ, సంక్రాంతికి ఊళ్లో ఎవరికి తీరిక? హైదరాబాదు, బెంగళూరుల నుంచి పిల్లలు దిగేదీ, మేనమామల ఇళ్లు నిండేదీ వేసవి సెలవుల్లోనే. పైగా నాకు ఆ కొండంటే ఇష్టం. గజపతుల చేతిలో ఉన్న ఆ కోట కింద శ్రీకృష్ణదేవరాయల సైన్యం ఏడాదికి పైగా పడిగాపులు కాసి, 1514లో గానీ దాన్ని పట్టుకోలేకపోయింది. ఎక్కడానికి సన్నటి దారి తప్ప లేకపోతే రాయలు బండలు పగలగొట్టించి వెడల్పు చేయించాడని పోర్చుగీసు వాడు నూనిజ్ రాసిపెట్టాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి పట్టుకెళ్లి అక్కడ గుడి కట్టించాడు. బళ్లో చదివినప్పుడు ఇదంతా అయిదు మార్కుల ప్రశ్న. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆ మెట్లు ఎక్కుతుంటే, ఏడాది ఎందుకు పట్టిందో నాకు మొదటిసారి అర్థమైంది.

ఆ కొండకు ఇంకో సంగతి ఉంది. పొద్దు పొడవగానే తొలి ఎండ దాని మీదే పడుతుంది కాబట్టి ఉదయగిరి అని పేరొచ్చిందని పెద్దవాళ్లు చెబుతారు. ఊరు కొండకు తూర్పున ఉంది. మనం ఎక్కేది ఊరి వైపు నుంచి. అంటే పొద్దు పొడిచిన నిమిషం నుంచి ఎండ మన వీపు మీద, మన ఎదుటి బండ మీద ఒకేసారి పడుతుంది. పేరులోనే ఉన్న విషయం. దీనికి నిపుణులు అక్కర్లేదు.

అసలు మన వైపు జనం ఎండను లెక్కపెట్టుకునే బతుకుతారు. మార్చి సగమయ్యేసరికి బడులు ఒంటిపూట. ఉపాధి పనికి పోయేవాళ్లు తెల్లారేసరికి గడ్డపార భుజాన వేసుకుని పోయి, ఎండ ముదిరేలోపు ఇంటికొస్తారు. కర్తరి వచ్చిందంటే ఇల్లు మొదలుపెట్టరు, బావి తవ్వరు. మట్టిపని, రాతిపని, కర్రపని ముట్టుకోరు. మే 4న చిన్న కర్తరి, 11న పెద్ద కర్తరి, 28 దాకా అంతే. మూఢనమ్మకం అనేవాళ్లు అననీ. ఎండలో రాయి కొట్టే మనిషిని బతికించుకోవడానికి పెట్టుకున్న సెలవులేమో అని నాకైతే అనిపిస్తుంది. రాయి కొట్టొద్దన్న రోజుల్లో మనం రాళ్ల మీద పరుగు పెట్టుకున్నాం. సరే, పెట్టుకుందాం. టైము పాటించాలి గదా.

పోయినేడు నేను ముందురోజే వచ్చి మా ఆడబిడ్డ వాళ్లింట్లో పడుకున్నాను. నాలుగున్నరకల్లా మైదానంలో ఉన్నాను. ఆ వేళకి కొండ మీంచి చల్లగాలి దిగుతోంది. చేతుల మీద రోమాలు లేచాయంటే నమ్మండి, మే నెలలో! అయిదింటికి జుంబా మొదలైంది. స్టేజీ మీద ఇద్దరు అమ్మాయిలు, కింద నాలుగొందల మంది ఎగరడం. అయిదున్నరకి అది అయిపోయింది. అతిథులు దారిలో ఉన్నారని మైకులో చెప్పి, మళ్లీ జుంబా. మన దగ్గర ఆ రోజుల్లో అయిదూ నలభై అయిదుకల్లా పొద్దు పొడుస్తుంది. కొండ అంచు ఎర్రబడి, పసుపై, తెల్లబడటం అంతా నిలబడి చూశాం. పిల్లలు కొండ మీదికని తెచ్చుకున్న నీళ్ల సీసాలు అక్కడే ఖాళీ చేశారు. ఆరుంపావుకి కార్లు వచ్చాయి. ప్రతి ఒక్కరూ ‘రెండే రెండు మాటలు’ అన్నారు. ఆ ఉక్కలో శాలువాలు కప్పారు. కప్పించుకున్న వాళ్లకి కూడా చెమటలు పట్టాయి, పాపం. జెండా ఊపేసరికి ఆరూ యాభై.

నేను కిలోమీటరుకి ఎనిమిది నిమిషాలు తీసుకుంటాను. అయిదుకి వదిలి ఉంటే ఆరుంపావుకల్లా కొండ కింద ఉండేదాన్ని. ఆ రోజు చేరింది ఎనిమిది దాటాక. మొదటి బహుమతి వచ్చిన అబ్బాయి అప్పటికే కొండ ఎక్కేసి, దిగుతూ నాకు ఎదురొచ్చాడు. మీరు చేసిన ఆలస్యం గంటా యాభై నిమిషాలు. అది నాలుగొందల మందికీ ఒకటే. బిల్లు మాత్రం ఆఖరి వాళ్లే కట్టారు.

రోడ్డు మీద చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన ‘అబ్బయ్యా, అందరూ యాడికి పోతుండారు, ఫ్రీగా ఏమన్నా ఇస్తుండారా’ అని అడిగాడు. ఒక అవ్వ వాకిట్లో బిందె పెట్టుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెంబుతో నీళ్లు పోసింది. మీ ఏర్పాట్లలో ఆమె లేదు గానీ, ఆ రోజు రోడ్డు మీద అన్నిటికంటే బాగా నడిచిన నీళ్ల పాయింటు అదే.

కొండ కింద, మేకల్ని చెట్టు నీడకి తోలుకుపోతున్న ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. ‘బిన్నా దిగొచ్చేయండమ్మా, పైన నీడ ఉండదు’ అన్నాడు. ఆయన మేకలు అప్పటికి మేత ముగించుకుని దిగాయి. మేం ఎక్కడం మొదలుపెట్టాం.

మలుపు తిరిగే చోట, కోట గోడ దగ్గర నీళ్లు ఉంటాయని మీరు మైకులో చెప్పారు. ఉన్నాయి కూడా. ఇద్దరు కుర్రాళ్లు ఇరవై లీటర్ల క్యాన్లు భుజాల మీద మోసుకొచ్చి పెట్టారట. నేను చేరేసరికి అన్నీ ఖాళీ, ఒక్క దాని అడుగున నాలుగు వేళ్ల మందం నీళ్లు. ముందుగా వచ్చిన వాళ్లు తాగిన దానికంటే నెత్తిన పోసుకున్నది ఎక్కువ. వాళ్ల తప్పు కాదు, ఎండ అలా ఉంది. వాళ్లలో ఒక కుర్రాడు క్యాన్ వంచి పట్టుకుని, సీసా మూతతో కొలిచి ఒక్కొక్కరికీ మూడు మూతలు పోస్తున్నాడు. వాడి పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. ‘నువ్వు తాగావా’ అంటే ‘కిందికి పోయాక తాగుతాలే అక్కా’ అన్నాడు. మీ స్టేజీ మీద శాలువా కప్పాల్సింది ఆ పిల్లోడికి.

అక్కణ్ణుంచి వంద గజాలు దిగాక, బాట పక్కన బండకు ఆనుకుని ఇంకో పిల్లోడు కూర్చుని ఉన్నాడు. పదిహేడేళ్లు ఉంటాయి. నల్లటి టీషర్టు, ఛాతీకి నంబరు. అందరూ పక్కనుంచి వెళ్లిపోతున్నారు, అలసిపోయి కూర్చున్నాడు అనుకుని. నేనూ దాటిపోయేదాన్నే. ‘అక్కా, బస్సు ఎన్నింటికి?’ అని అడిగాడు. కొండ మీద బస్సేంది అని నవ్వబోయి వాడి కళ్లు చూశాను. నా వైపు ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. పేరు అడిగితే ఊరు పేరు చెప్పాడు. మెడ కింద చెయ్యి పెడితే కాలిపోతోంది.

ఇక్కడ నర్సుగా ఒక మాట చెప్పాలి, మీ వాలంటీర్లకి పనికొస్తుంది. వడదెబ్బ తగిలిన మనిషికి ఒళ్లు పొడిగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఇంట్లో పడుకున్న ముసలివాళ్లకి చాలాసార్లు అలాగే ఉంటుంది. పరిగెత్తుతూ పడిపోయిన వాళ్లకి చెమట కారుతూనే ఉండొచ్చు. ఈ పిల్లోడికి కారుతోంది. చూడాల్సింది మాట, నడక, కళ్లు. పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఊరికే కోపం తెచ్చుకున్నా అది అలసట కాదు. లోపలి వేడి 40 డిగ్రీలు, అంటే మా లెక్కలో 104 దాటిపోయి ఉంటుంది. చంకలో థర్మామీటర్ పెట్టి తక్కువే ఉందని సంబరపడొద్దు, పరిగెత్తిన మనిషికి అది సరిగ్గా చూపించదు. అప్పటి నుంచి చేతిలో ఉండేది అర్ధగంట. ఆ అర్ధగంటలో ఒళ్లు చల్లారితే మనిషి దాదాపు ఎప్పుడూ దక్కుతాడు. అందుకే ముందు చల్లార్చాలి, తర్వాతే ఆసుపత్రి.

మీ వాలంటీర్లు ఇద్దరు పరిగెత్తుకొచ్చి వాణ్ణి వెంటనే భుజాన వేసుకుని కిందికి తీసుకుపోదామన్నారు. మంచి పిల్లలు. కానీ కిందికి అంటే ఆ రాళ్ల మీద ముప్పావు గంట. వద్దన్నాను. గోడ నీడలోకి లాగాం, టీషర్టు తీసేశాం. నీళ్లు కావాలి. క్యాన్లో నాలుగు వేళ్లు కూడా ఇప్పుడు లేవు. గోడ పక్కన ఒక గుంటలో పాచి పట్టిన నీళ్లు కొంచెం ఉంటే, టవళ్లు, చున్నీలు, ఆఖరికి ఒకాయన సాక్సులు కూడా ముంచి మెడకి, చంకలకి, గజ్జల్లో పెట్టాం. అట్టముక్కలతో విసిరాం. పాచి కంపు ఇంకా నా ముక్కులో ఉంది. ఇరవై నిమిషాలకి వాడు ‘చలేస్తోంది’ అన్నాడు. అంత మంచి మాట నేను మా ఆసుపత్రిలో కూడా విన్లేదు.

దించాక అంబులెన్స్ కోసం చూస్తే, అది స్టేజీ వెనక ఉంది. దాని ముందు అతిథుల కార్లు, డ్రైవర్లు టిఫిన్‌కి పోయారు. వాళ్లని వెతికి తెచ్చేసరికి పావుగంట. పిల్లోడు ఒక రాత్రి ఆసుపత్రిలో ఉండి ఇంటికి పోయాడు. అదృష్టం అనొద్దు. ఆ గుంటలో నీళ్లు లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు.

నేను గీత దాటింది పదకొండుకి. గాలి ఊదే ఆర్చి అద్దెదట, అప్పటికే దింపి మడతేస్తున్నారు. మెడల్స్ ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. ‘తీసుకోండి మేడం’ అని పెట్టె చూపించాడు ఒకతను. రెండు తీసుకున్నాను, ఒకటి ఆ పిల్లోడికి.

తర్వాత మీలో ఒకరు ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు. ‘ఎండకి అలవాటు లేని పిల్లోడు మేడం, మన వాళ్లకి ఏం కాదు’ అన్నారు. ఆ పిల్లోడు మన వాడే. పక్క మండలం. ఏడాదంతా ఇంటర్ హాస్టల్లో ఫ్యాను కింద పుస్తకాలు చదువుకుని, సెలవులకి వచ్చిన అయిదో రోజు పరుగుకి వచ్చాడు. ఒళ్లు ఎండకి అలవాటు పడాలంటే రోజూ కొంచెం కొంచెం ఎండలో కష్టపడితే పది, పద్నాలుగు రోజులు పడుతుంది. మన ఊళ్లో పుట్టాం కదా అని అది రాదు. మీ పరుగుకి వచ్చేవాళ్లలో సగం మంది ఇలాంటి వాళ్లే, సెలవులకి వచ్చినవాళ్లు. శనివారం రాత్రి ఏసీ బస్సు దిగి ఆదివారం పొద్దున పరిగెత్తేవాళ్లు.

పెద్దలకి ఒక్కటి గుర్తు చేస్తాను. 2023 ఏప్రిల్ 16న నవీ ముంబయి ఖార్‌ఘర్‌లో ఒక పురస్కార సభ జరిగింది. జనం గంటల తరబడి ఎండలో కూర్చున్నారు. 14 మంది చనిపోయారు. వాళ్లు పరిగెత్తలేదు, కొండ ఎక్కలేదు. కూర్చున్నారంతే.

ఇప్పుడు అసలు అడగదల్చుకున్నది. దారి తిప్పేయండి. కొండ ముందు పెట్టి రోడ్డు తర్వాత పెట్టండి. జనం విడిపోవడానికి ఊళ్లో ఒకటి రెండు కిలోమీటర్లు పరిగెత్తించి, నేరుగా కొండ ఎక్కించండి. మిగతా రోడ్డు దిగొచ్చాక. ఇప్పుడు మీరు చల్లటి వేళంతా రోడ్డు మీద ఖర్చుపెట్టి, ఎండ వేళ కొండ మీదికి పంపిస్తున్నారు. రోడ్డు మీద ఎవరైనా పడిపోతే బండి వస్తుంది, చెట్టుంది, టీ కొట్టుంది, బిందెతో అవ్వ ఉంది. కొండ మీద ఏదీ లేదు. 2021 మే 22న చైనాలో గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగులో 21 మంది చనిపోయారు. వాళ్లని చంపింది చలిగాలీ వానా. ఎండకీ దానికీ సంబంధం లేదు నిజమే, కానీ పడిపోయిన చోటికి సాయం ఎక్కిరావడం ఎంత కష్టమో దాంట్లో ఉంది. బండి పోలేని చోటు చల్లటి వేళ అయిపోవాలి. నాకు తెలిసిన వైద్యం అంతా కలిపినా ఇంతే.

చీకట్లో మెట్లెలా ఎక్కుతారు అంటారేమో. అయిదింటికి జెండా ఊపితే కొండ మొదట్లోకి వచ్చేసరికి అయిదుంపావు, వెలుగు రేకలు వచ్చేస్తాయి. ముందువాళ్లకి నెత్తికి కట్టుకునే లైటు ఉంటే చాలు. ఎక్కేటప్పుడు మసక వెలుతురు ఇబ్బంది కాదు, దిగేటప్పుడే కాలు జారేది. దిగేసరికి పూర్తిగా తెల్లవారుతుంది. అడవి దారి కాబట్టి అటవీశాఖ వారిని ఆ వేళకి ఒప్పించుకోవాలి. అది మీ పని, నాకు తెలుసు చిన్న పని కాదు.

దీంతోపాటు ఒక కఠినమైన షరతు పెట్టుకోమంటాను. ఆరింటికల్లా కొండ మొదట్లోకి రాని వాళ్లని కొండ ఎక్కనివ్వొద్దు, రోడ్డు వైపు మళ్లించండి. మెడల్ ఇవ్వండి, కొండ మాత్రం వద్దు. నేను తప్పినా సరే. ఈ ఆరు గడియారంలో ఆరు. జెండా ఎప్పుడు ఊపారో దాంతో సంబంధం ఉండకూడదు. సభ ఆలస్యమై ఆరూ యాభైకి వదిలితే, ఆ రోజు మొదటి బహుమతి వచ్చే వాడికి కూడా కొండ లేదు. ఈ షరతు పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో వేస్తే అతిథులకి ఎవరూ ఫోన్ చేసి తొందరపెట్టక్కర్లేదు.

అతిథులకి నాదొక విన్నపం. మీరు ఎనిమిదింటికి రండి. జెండా ఏ పీఈటీ మాస్టారో ఊపుతారు, ఈలతోనే ఊపుతారు. మీరు గీత దగ్గర నిలబడి ఆఖరి వాళ్లకి మెడల్ వేయండి. ఫొటోలకి వెలుతురు కూడా అప్పుడే బాగుంటుంది. ఉపన్యాసం వినేవాళ్లు అప్పుడు కూర్చుని వింటారు, లేవడానికి ఎవరికీ ఓపిక ఉండదు కాబట్టి.

ముందురోజు సాయంత్రం ఒకసారి ఫోన్ చూసుకోండి. విపత్తుల నిర్వహణ సంస్థ వారు మర్నాడు ఏ మండలాల్లో వడగాల్పులు ఉంటాయో పేర్లతో సహా ఇస్తున్నారు. అందులో మన మండలం ఉంటే, రాత్రే అందరికీ మెసేజ్ పెట్టి రోడ్డు పరుగు ఒక్కటే పెట్టండి. ఇంకా శాస్త్రంగా చూడాలంటే ఒక లెక్క ఉంది. తడిబట్ట చుట్టిన థర్మామీటర్ చూపేదానికి 70 వంతులు, ఎండలో పెట్టిన నల్లగోళం చూపేదానికి 20 వంతులు, మామూలు థర్మామీటర్‌కి 10 వంతులు వేసి కలుపుతారు. ఆ మొత్తం 28 దాటితే దూరపు పరుగులు పెట్టొద్దని అమెరికా క్రీడావైద్యుల సంఘం చాలాకాలంగా చెబుతోంది. పొద్దున ఎనిమిదికి మన దగ్గర మామూలు థర్మామీటర్ 34, తడిబట్టది 27, నల్లగోళం 46 ఉన్నాయనుకోండి. లెక్క 31 దాటుతుంది. మే నెలలో ఏడున్నర తర్వాత ఆ 28 గీత దాటని రోజు మన జిల్లాలో నాకైతే కనబడదు. ఎండ మన మీద ఎంత పడుతుందో మాత్రమే కాదు, చెమట ఆరుతుందా లేదా అన్నది అందులో ఎక్కువ లెక్క. నెల్లూరు ఉక్క తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

నీళ్ల సంగతి. మనిషికి కొండ మీద తాగడానికి అర లీటరు అనుకుంటే నాలుగొందల మందికి రెండొందల లీటర్లు, అంటే పది క్యాన్లు. నెత్తిన పోసుకోవడానికి ఇంకో పది. ఇరవై క్యాన్లు మోయడానికి ఇద్దరు కుర్రాళ్లు చాలరు. ముందురోజు సాయంత్రం కూలి ఇచ్చి ఎక్కించండి. ఆఖరి అయిదు క్యాన్లకి తాడు కట్టి, ఏడింటి దాకా ఎవరినీ ముట్టనివ్వొద్దు. అట్లా అని ప్రతి మలుపులో తాగు తాగు అని బలవంతం కూడా చెయ్యొద్దు. దాహానికి మించి వట్టి నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అది వేరే ప్రమాదం. 2002లో బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. ఓఆర్‌ఎస్ పెట్టారు, మంచిదే. కానీ ఒక ప్యాకెట్‌కి ఒక లీటరు. మీవాళ్లు క్యాన్ మొత్తానికి రెండు ప్యాకెట్లు చింపి పోయడం నేను చూశాను. రంగు వచ్చింది, అంతే. ఆ రంగు కూల్‌డ్రింకులు కూడా ఎందుకో నాకు అర్థం కాలేదు. పొదలకూరు, గూడూరు నిమ్మకాయల మార్కెట్లు పెట్టుకుని, ఇంటింటా మజ్జిగ పెట్టుకుని!

కోట గోడ దగ్గర వడ్లు కప్పే పట్ట ఒకటి, థర్మాకోల్ పెట్టెల్లో ఐసు ఉంచండి. మనిషిని పట్ట మధ్యలో పడుకోబెట్టి నలుగురు అంచులు ఎత్తి పట్టుకుంటే అదే తొట్టి. ఐసు నీళ్లు పోసి అటూ ఇటూ ఊపితే నేను పాచినీళ్లతో ఇరవై నిమిషాలు చేసిన పని అందులో సగం టైముకి అవుతుంది. ఒక ఆదివారం వచ్చి మీ వాలంటీర్లకి చేసి చూపిస్తాను. డబ్బులేం అక్కర్లేదు, బస్సు చార్జీ కూడా నేనే పెట్టుకుంటాను. చివర్న ఎవరూ మిగల్లేదని చూసుకుంటూ వచ్చే మనిషిని కూడా పెట్టండి. ఆడవాళ్లకి బాత్రూమ్ సంగతి ఇందులో రాయలేదు. అది వేరే ఉత్తరం అవుతుంది.

నేను ఈ ఏడాది కూడా డబ్బు కట్టేశాను. నిన్న ఆ పిల్లోడి వాళ్లమ్మ ఫోన్ చేసింది. వాడు కూడా పేరు ఇచ్చాడంట, నెల నుంచి రోజూ పొద్దునే ఊరి చెరువు కట్ట మీద పరిగెత్తుతున్నాడంట. ‘నువ్వు పోతున్నావా అక్కా? నువ్వు ఉంటానంటే పంపిస్తా’ అంది. రెండు రోజుల్లో చెబుతానన్నాను. పోస్టర్‌లో ఆ అడుగు లైను మారిస్తే గ్రూపులో పెట్టండి, ఆమెకి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
పోయినేడు ఆఖరి ముప్పైలో వచ్చిన ఒక నర్సు